కీమో మధ్యలో అమ్మ బరువు తగ్గిపోతోంది: ఏం పెట్టాలి, ఏం మానిపించాలి?

ప్రశ్న (అమ్మ దగ్గర ఉంటున్న కొడుకు)

మా అమ్మకు 58 ఏళ్లు. పెద్దపేగు క్యాన్సర్‌కు శస్త్రచికిత్స అయిన తర్వాత కీమో మొదలుపెట్టారు. మూడు వారాలకు ఒకసారి ఆక్సాలిప్లాటిన్ నరం ద్వారా ఎక్కిస్తారు. ఆ రోజు నుంచి 14 రోజులు ఉదయం, రాత్రి కేపెసిటాబిన్ మాత్రలు వేసుకోవాలి, తర్వాత ఏడు రోజులు విరామం. ఇలా మొత్తం ఎనిమిది విడతలని చెప్పారు. మూడు పూర్తయ్యాయి. నాలుగోది ఇవ్వాల్సిన రోజున రక్తపరీక్ష చూసి, తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు తక్కువగా ఉన్నాయని వాయిదా వేశారు.

కీమో మొదలైనప్పుడు అమ్మ బరువు 60 కిలోలు. మొన్న ఆసుపత్రిలో తూచినప్పుడు 54 ఉంది. మూడు నెలలు కూడా కాలేదు. చేతి గాజులు మోచేతి దాకా జారుతున్నాయి. మంచం మీది నుంచి లేవాలంటే రెండు చేతులూ ఆనించాల్సి వస్తోంది.

మా మేనమామ అమ్మకంటే పెద్దవారు, ఇంట్లో ఆయన మాటకు ఎదురు చెప్పే అలవాటు ఎవరికీ లేదు. క్యాన్సర్ కణాలు చక్కెర తిని పెరుగుతాయని ఎక్కడో విని, మొదటి విడత నుంచే చక్కెర, పాలు, మాంసం, గుడ్లు మానిపించారు. పొద్దున్నే పచ్చి కూరగాయల రసం ఇప్పిస్తున్నారు, బలానికని ఒక విటమిన్ గుళికల సీసా తెచ్చిచ్చారు. ఆయన ప్రేమను నేను అనుమానించడం లేదు. కానీ నిన్న అమ్మ రోజంతా తిన్నది ఇంతే: పొద్దున గ్లాసుడు రసం, మధ్యాహ్నం నాలుగైదు చెంచాల మెత్తటి అన్నంలో పలుచటి పప్పు, సాయంత్రం అర ఆపిల్, రాత్రి అర గిన్నె జావ. వారం పది రోజులుగా ఇదే వరస. ఏం పెట్టినా ఇనుము నాకినట్టు ఉందంటుంది. నేను బతిమాలతాను, తర్వాత కసురుకుంటాను, ఆ తర్వాత వంటగదిలోకి వెళ్లి నిలబడతాను.

చక్కెర మాట నిజమేనా? అసలు ఆమె రోజుకు ఎంత తింటే చాలు? తెల్లకణాలు పెరగడానికి ప్రత్యేకంగా ఏదైనా పెట్టాలా? పచ్చి పండ్లు పెట్టవచ్చా, కూడదా? అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

మొదటి జవాబు (క్యాన్సర్ విభాగంలో పనిచేసే డైటీషియన్)

ముందుగా బరువు సంగతి చెబుతాను, ఎందుకంటే మీ ప్రశ్నలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది అదే. 60 నుంచి 54 అంటే పది శాతం. ప్రయత్నించకుండానే ఆరు నెలల్లో ఐదు శాతం కంటే ఎక్కువ బరువు తగ్గితే దాన్ని క్యాన్సర్ వల్ల వచ్చే శరీర క్షీణతగా, అంటే కాకెక్సియాగా పరిగణించాలని 2011లో అంతర్జాతీయ నిపుణుల బృందం నిర్వచించింది. మీ అమ్మగారు అంతకు రెట్టింపు బరువును అందులో సగం కాలంలోనే కోల్పోయారు. ఈ క్షీణతలో కొవ్వుతో పాటు కండ కరుగుతుంది. కండ తగ్గిన శరీరం అదే మోతాదు కీమోను తట్టుకోలేక ఎక్కువ ఇబ్బందులు పడుతుంది. అందుకే తిండి అనేది చికిత్స పక్కన జరిగే వేరే వ్యవహారం కాదు, చికిత్సలో భాగమే.

చక్కెర మాటలో ఒక ముక్క నిజం ఉంది, అందుకే అది అంతగా నాటుకుపోయింది. క్యాన్సర్ కణాలు గ్లూకోజును మామూలు కణాలకంటే విపరీతంగా వాడుకుంటాయని ఒట్టో వార్‌బుర్గ్ అనే జర్మన్ శాస్త్రవేత్త 1920లలోనే గమనించారు. పెట్ స్కాన్‌లో గడ్డలు మెరుస్తూ కనిపించేది కూడా ఈ గుణం వల్లే. అయితే ఆ గ్లూకోజు మనం తిన్న చక్కెర నుంచే రావాలని లేదు. నోటి ద్వారా పిండిపదార్థం అందకపోతే కాలేయం ప్రోటీన్‌ను విరిచి గ్లూకోజు తయారుచేసి రక్తంలోకి వదులుతుంది. ఆ ప్రోటీన్ ఎక్కడి నుంచి వస్తుంది? తొడల కండ నుంచి, భుజాల కండ నుంచి. అంటే చక్కెర మానిపించి మనం గడ్డను పస్తు పెట్టలేం, మనిషిని మాత్రమే పస్తు పెడతాం. మధుమేహం ఉన్నవారి లెక్క వేరు, కీమోతో ఇచ్చే స్టెరాయిడ్ వల్ల వారికి చక్కెర ఇంకా పెరుగుతుంది కాబట్టి వైద్యుడి సూచన ప్రకారమే నడవాలి. మీ అమ్మగారికి ఆ జబ్బు ఉందని మీరు రాయలేదు.

ఇక ఎంత తినాలన్నది. ఐరోపా క్లినికల్ న్యూట్రిషన్ సంఘం, అంటే ఎస్పెన్, మార్గదర్శకాల ప్రకారం క్యాన్సర్ రోగికి కిలో శరీర బరువుకు రోజుకు 25 నుంచి 30 కిలోకేలరీలు, ప్రోటీన్ ఒక గ్రాముకు పైన, వీలైతే ఒకటిన్నర గ్రాముల వరకు అవసరం. 54 కిలోలకు లెక్కేస్తే 1350 నుంచి 1620 కిలోకేలరీలు, 54 నుంచి 81 గ్రాముల ప్రోటీన్. మీరు రాసిన నిన్నటి తిండిని నేను మనసులో తూచి చూస్తే 500 కిలోకేలరీలు దాటేలా లేదు, ప్రోటీన్ 15 గ్రాముల లోపే. ఆ రసంలో నీళ్లు, కాస్త పీచు, కొన్ని విటమిన్లు తప్ప కండకు పనికివచ్చేది దాదాపు ఏమీ లేదు. పైగా గ్లాసుడు ద్రవంతో పొద్దున్నే పొట్ట నిండిపోతోంది. ఆకలి కాస్తో కూస్తో ఉండే సమయం చాలామందికి ఉదయమే, దాన్ని రసానికి ఇచ్చేయడం నాకు బాధ కలిగించే విషయం.

రేపే కూర్చోబెట్టి మూడు పూటలా పళ్లెం నిండా పెట్టమని అనడం లేదు. అది జరగదు, జరగకూడదు కూడా. వారానికి పైగా ఇంత తక్కువ తిన్న మనిషికి ఒక్కసారిగా ఎక్కువ పెడితే రక్తంలో ఫాస్ఫేటు, పొటాషియం, మెగ్నీషియం అకస్మాత్తుగా పడిపోయి గుండెకే ముప్పు రావచ్చు. రీఫీడింగ్ సిండ్రోమ్ అనేది దీన్నే. ఐదు రోజులకు మించి చాలా తక్కువ తిన్నవారికి మొదటి రెండు రోజులు అవసరంలో సగానికి మించకుండా మొదలుపెట్టి, రక్తపరీక్షలు చూసుకుంటూ పెంచాలి. అందుకని ఈ వారంలోనే ఆంకాలజిస్టుకు ఫోన్ చేసి, బరువు పది శాతం తగ్గిందని, వారం రోజులుగా మూడో వంతే తింటున్నారని ఈ రెండు అంకెలతో చెప్పండి. "సరిగ్గా తినడం లేదు" అని చెబితే ఆ మాట రోజుకు యాభై మంది నోట వింటారు. అంకె చెబితే ఆగి వింటారు. ఆకలి కోసం తక్కువ మోతాదు ఒలాంజపిన్ ఉపయోగపడుతుందేమో కూడా అడగండి. రోజుకు 2.5 మిల్లీగ్రాముల మోతాదు కీమో తీసుకుంటున్నవారి ఆకలిని, బరువును మెరుగుపరిచిందని 2023లో వెలువడిన ఒక అధ్యయనం చూపింది.

ఇంట్లో చేయదగినది ఏమిటంటే, పరిమాణం పెంచకుండా సాంద్రత పెంచడం. 250 మిల్లీలీటర్ల పాలలో సుమారు 8 గ్రాముల ప్రోటీన్ ఉంటుంది. అదే గ్లాసులో 25 గ్రాముల వెన్నతీసిన పాలపొడి కలిపితే మరో 9 గ్రాములు చేరి 17 అవుతుంది, గ్లాసు సైజు మాత్రం మారదు. దాన్ని ఒకేసారి తాగించకుండా అరగ్లాసు చొప్పున రెండుసార్లు ఇవ్వండి. ఒక గుడ్డులో 6 గ్రాములు, గుప్పెడు వేరుశనగల్లో సుమారు 7 గ్రాములు ఉంటాయి. జావలో, పప్పులో ఒక చెంచా నూనె లేదా వెన్న కలిపితే 40 కిలోకేలరీలు చేరతాయి, రుచిలో తేడా పెద్దగా తెలియదు. రెండు గంటలకోసారి నాలుగు ముద్దలు చాలు. నీళ్లు తిండికి ముందు కాకుండా మధ్య విరామాల్లో ఇవ్వండి. బజారులో దొరికే ప్రోటీన్ పొడుల గురించి అడుగుతారేమో, తిండి చాలని రోజుల్లో అవి పనికొస్తాయి. కానీ పాలు, గుడ్లు మానిపించి పొడి డబ్బా కొనడం మాత్రం నాకు అర్థం కాని పని.

రెండో జవాబు (చికిత్స పూర్తిచేసుకున్న మహిళ)

బాబూ, మీ చివరి వాక్యం చదివి కాసేపు ఆగిపోయాను. వంటగదిలోకి వెళ్లి నిలబడిన మనిషి మా ఇంట్లో మా ఆయన. మంచం మీద కూర్చుని ఆ అలికిడి వింటూ ఉన్నది నేను. నాకు రొమ్ము క్యాన్సర్, ఆరు విడతల కీమో. కాబట్టి ఆ పళ్లేనికి ఇటువైపు నుంచి ఎలా ఉంటుందో చెప్పగలను.

ఆకలి లేకపోవడం అంటే తినాలనిపించకపోవడం అని బయటివారు అనుకుంటారు. అది అంతకంటే వేరుగా ఉంటుంది. ముద్ద నోట్లో పెట్టుకుంటే అది ఆహారమని నాలుక ఒప్పుకోదు. తడిసిన అట్టముక్కను నమిలినట్టు ఉంటుంది. మింగాలంటే ప్రతి ముద్దకూ విడిగా నిర్ణయం తీసుకోవాలి. అలాంటప్పుడు ఎదురుగా ఒకరు కూర్చుని చెంచాను చూస్తూ ఉంటే, ఆ కళ్ల కోసం రెండు ముద్దలు తిని, మూడోది కక్కేదాన్ని. చివరికి మేము చేసుకున్న ఒప్పందం ఏమిటంటే, చిన్న గిన్నెలో పెట్టి పక్కన ఉంచి ఆయన వెళ్లిపోవాలి, అరగంట తర్వాత మాట్లాడకుండా వచ్చి గిన్నె తీసుకుపోవాలి, ఎంత మిగిలిందని అడగకూడదు. రాసుకోవడం మాత్రం రాసుకునేవారట, ఆ సంగతి నాకు తర్వాత తెలిసింది.

ఇనుము రుచికి నాకు పనిచేసినవి చెబుతాను. స్టీలు చెంచా, స్టీలు గ్లాసు పూర్తిగా పక్కన పెట్టి చెక్క చెంచా, పింగాణీ గిన్నె వాడాను. తినేముందు నోరు పుక్కిలించేదాన్ని. పొగలు కక్కే తిండి వాసనకే వికారం వచ్చేది, చల్లారాక అదే తిండి లోపలికి పోయేది. కాబట్టి వంట జరిగే సమయంలో నన్ను వేరే గదిలో తలుపు వేసి ఉంచేవారు. మాంసం చేదుగా అనిపించిన వారాల్లో గుడ్డు, పెరుగు మాత్రం తినగలిగాను.

ఒక తప్పు చేశాను, మీరు చేయకండి. మొదటి కీమో రోజు పొద్దున, ధైర్యంగా వెళ్దామని నాకు ప్రాణమైన చేపల కూర వండించుకుని తిన్నాను. ఆ రాత్రి వాంతులు. ఇన్నేళ్లయినా చేప వాసన వస్తే కడుపులో తిప్పుతుంది. ఇది నా ఒక్కదాని చాదస్తం కాదని తర్వాత తెలిసింది. కీమోకు కాస్త ముందు కొత్త రుచి ఐస్‌క్రీమ్ తిన్న పిల్లలు ఆ తర్వాత ఆ రుచినే దూరం పెట్టారని 1978లోనే ఒక అధ్యయనంలో తేలింది. కాబట్టి అమ్మగారికి ఇష్టమైన వంటకాలను కీమో ఎక్కించే రోజున, ఆ మర్నాడు అసలు పెట్టకండి, దాచి ఉంచండి. మూడో వారంలో నోరు తిరిగి వస్తుంది, అప్పుడు బయటికి తీయండి. తక్కిన రెండు వారాల్లో పోయినదాన్ని నేను ఆ వారంలోనే తిని పూడ్చుకునేదాన్ని. నా విషయంలో చివరికి బరువు తగ్గడం పోయి నాలుగు కిలోలు పెరిగింది. రొమ్ము క్యాన్సర్ కీమోలో అది మామూలేనట, కాబట్టి అందరికీ ఒకే సలహా కుదరదు.

నోటి పూత రాకుండా ఇంకో చిట్కా: మందు ఎక్కించడానికి ఐదు నిమిషాల ముందు నుంచి అరగంట పాటు నోట్లో ఐసుముక్కలు చప్పరించమనేవారు. నాకు చాలా ఉపయోగపడింది. మీరూ ప్రయత్నించండి.

మూడో జవాబు (కీమో డే కేర్ నర్సు)

పై సోదరి రాసినదంతా బంగారం లాంటి అనుభవం, కానీ చివరి పేరా మాత్రం మీ అమ్మగారికి వర్తించదు, దయచేసి ఆ పని చేయకండి. ఫ్లోరోయురాసిల్ అనే మందును నరంలోకి ఒక్కసారిగా ఇచ్చేటప్పుడు ఐసు చప్పరిస్తే నోట్లోని రక్తనాళాలు ముడుచుకుని ఆ మందు అక్కడికి తక్కువగా చేరుతుంది, పూత తగ్గుతుంది. బహుశా ఆమెకు అదే ఇచ్చి ఉంటారు. మీ అమ్మగారికి ఇస్తున్నది ఆక్సాలిప్లాటిన్. ఆ మందు నరాలను చలికి విపరీతంగా స్పందించేలా చేస్తుంది. ఎక్కించిన తర్వాత కొన్ని రోజులపాటు చల్లటి నీళ్లు గొంతుకు తగిలినా గొంతు బిగుసుకుపోయి ఊపిరి ఆడనట్టు అనిపిస్తుంది, ఫ్రిజ్‌లోని సీసాను చేత్తో పట్టుకుంటే వేళ్లలో ముళ్లు గుచ్చినట్టు ఉంటుంది. కాబట్టి ఐసు, ఐస్‌క్రీమ్, ఫ్రిజ్‌లోంచి తీసిన పెరుగు ఆ రోజుల్లో వద్దు. వాసన పడనప్పుడు తిండిని చల్లార్చి పెట్టడం మంచిదే, కానీ చల్లార్చడమంటే గది వేడికి రావడం అని అర్థం చేసుకోండి.

నాకు ఇంకా ఎక్కువ భయం వేసింది ఆ విటమిన్ గుళికల సీసా గురించి. దాని మీద ఫోలిక్ యాసిడ్ ఉందేమో ఇప్పుడే చూడండి. కేపెసిటాబిన్ శరీరంలోకి వెళ్లాక ఫ్లోరోయురాసిల్‌గా మారి, క్యాన్సర్ కణంలోని ఒక ఎంజైమును పట్టుకుని ఆపుతుంది. ఫోలేట్, అంటే ఫోలిక్ యాసిడ్ కుటుంబానికి చెందిన విటమిన్, ఆ పట్టును మరింత బిగిస్తుంది. కొన్ని చికిత్సల్లో వైద్యులు కావాలనే, లెక్క ప్రకారం, ల్యూకోవోరిన్ అనే ఫోలేట్ రూపాన్ని ఫ్లోరోయురాసిల్‌తో కలిపి ఇస్తారు. లెక్క లేకుండా ఇంట్లో ఇస్తే మందు విషప్రభావం పెరుగుతుంది: విరేచనాలు, నోటి పూత, రక్తకణాలు పడిపోవడం. వాయిదాకు అదే కారణమని నేను అనలేను, ఈ మందులతో కణాలు తగ్గడం మామూలే. కానీ సీసాను డాక్టరుకు చూపించేదాకా ఆపండి. విచిత్రం ఏమిటంటే, ఊపిరితిత్తుల క్యాన్సర్‌లో వాడే పెమెట్రెక్సెడ్‌తో ఇదే ఫోలిక్ యాసిడ్, బి12 తప్పనిసరిగా ఇవ్వాలి, లేకపోతే విషప్రభావం పెరుగుతుంది. ఒకరికి ప్రాణరక్ష అయినది ఇంకొకరికి ముప్పు. అందుకే పక్కింటివారి మందుల చీటీ చూసి విటమిన్లు కొనకూడదు.

తెల్లకణాలను త్వరగా పెంచుతుందని రుజువైన ఆహారం ఏదీ లేదు. అవి ఎముక మూలుగలో తయారవుతాయి, కీమో దెబ్బ నుంచి మూలుగ కోలుకున్నాకే పెరుగుతాయి, అవసరమైతే దానికి ఇంజెక్షన్లు ఉన్నాయి. పచ్చి పండ్లు పూర్తిగా మానిపించే పాత పద్ధతి వల్ల ఇన్ఫెక్షన్లు తగ్గినట్టు పరిశోధనల్లో తేలలేదు. ధారగా పడే నీటిలో కడిగి, తొక్క తీసి, కోసిన వెంటనే పెట్టండి. మానవలసినవి పచ్చి గుడ్డు, సగం ఉడికిన మాంసం, కాచని పాలు, గంటల తరబడి బయట ఉన్న తిండి. పచ్చి కూరగాయల రసం గురించి నా అభ్యంతరం కూడా అదే: ఆ జ్యూసరు జల్లెడలో ఇరుక్కున్న పిప్పిని ఎవరైనా రోజూ పూర్తిగా కడుగుతారా?

ఒంటి వేడి 38 డిగ్రీల సెల్సియస్, అంటే 100.4 ఫారెన్‌హీట్, చేరితే పొద్దున దాకా ఆగకుండా వెంటనే ఆసుపత్రికి రావాలి. మాత్రల రోజుల్లో మామూలుకంటే నాలుగు విరేచనాలు ఎక్కువైనా, రాత్రి నిద్రలేచి వెళ్లాల్సి వచ్చినా, తర్వాతి మాత్ర వేసే ముందే ఫోన్ చేయండి. కేపెసిటాబిన్‌ను తిండి తిన్న అరగంట లోపు వేసుకోవాలి కాబట్టి, ఉదయం, రాత్రి రెండు పూటలైనా కడుపులో ఏదో ఒకటి పడటం మందు కోసమైనా అవసరం. నోటికి, లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఒక చెంచా ఉప్పు, ఒక చెంచా వంటసోడా కలిపి, గోరువెచ్చగా రోజుకు నాలుగైదుసార్లు పుక్కిలించి ఉమ్మేయమనండి.

నాలుగో జవాబు (మరో పాఠకుడు)

అందరూ తినిపించడం గురించే మాట్లాడుతున్నారు కాబట్టి రెండో వైపు కూడా చెప్పాలనిపించింది. "లంఖణం పరమౌషధం" అని పెద్దలు ఊరికే అనలేదు. కీమోకు ముందు ఉపవాసం ఉంటే మామూలు కణాలు తమను తాము కాపాడుకుంటాయని, క్యాన్సర్ కణాలు కాపాడుకోలేవని ప్రయోగాల్లో తేలినట్టు నేను చదివాను. ఆకలి లేకపోవడం కూడా శరీరం ఇచ్చే సంకేతమే కావచ్చు కదా. బలవంతంగా తినిపించడం సరైనదేనా? ఆ మేనమామగారిని అంత తేలిగ్గా తీసిపారేయకూడదని నా అభిప్రాయం.

ఐదో జవాబు (మొదటి జవాబు రాసిన డైటీషియన్)

మేనమామగారిని ఎవరూ తీసిపారేయడం లేదు, ఆయన చేసింది చేతనైన సాయమే. మీరు చెప్పిన ప్రయోగాలు ఉన్న మాట వాస్తవం. ఎలుకల్లో ఫలితాలు ఆసక్తికరంగా వచ్చాయి, మనుషుల మీద చిన్న అధ్యయనాలు కొన్ని జరిగాయి. అయితే వాటిలో బాగా చిక్కిపోయినవారిని చేర్చుకోలేదు, ఉపవాసం కూడా వైద్యుల పర్యవేక్షణలో కీమో చుట్టూ కొద్ది రోజులే. మూడు నెలలుగా కరిగిపోతున్న మనిషికి ఆ ఫలితాన్ని అంటగట్టలేం. తిండిని తగ్గించే పథ్యాలు పోషణ లోపించినవారికీ, లోపించే అవకాశం ఉన్నవారికీ వద్దని ఎస్పెన్ మార్గదర్శకాలు స్పష్టంగా చెబుతున్నాయి. లంఖణం జ్వరం వచ్చిన నాలుగు రోజుల మాట. కీమో ఆరు నెలల ప్రయాణం.

బలవంతం గురించి మీరన్నది మాత్రం నాకు సమ్మతమే. క్యాన్సర్ పుట్టించే వాపు రసాయనాలు మెదడులోని ఆకలి కేంద్రాన్నే అణచివేస్తాయి కాబట్టి, ఇది రోగి మొండితనం కాదు, వంట చేసినవారి లోపమూ కాదు. తిండి ఒక్కదానితో కాకెక్సియా పూర్తిగా వెనక్కి మళ్లదు కూడా. అందుకే మందులు చూడాలి, వాంతులు సరిగ్గా అదుపులో ఉన్నాయా అన్నది చూడాలి, మలబద్ధకం ఉందేమో కూడా. వికారానికి ఇచ్చే ఆన్‌డాన్‌సెట్రాన్ మాత్రే మలబద్ధకం తెచ్చి, ఆ మలబద్ధకం మళ్లీ ఆకలిని చంపడం నేను తరచుగా చూస్తాను, ఎవరూ అడగరు, రోగి సిగ్గుపడి చెప్పరు. తిన్నదాన్ని శరీరం కండగా మలచుకోవాలంటే కాస్త కదలిక కూడా ఉండాలి. కుర్చీలోంచి చేతులు ఆనించకుండా లేచి కూర్చోవడం రోజుకు రెండు మూడుసార్లు, ప్రతిసారీ చేయగలిగినన్ని, ఎవరైనా పక్కన నిలబడి ఉండగా చేయించండి. నోటితో తినేది అవసరంలో 60 శాతం కంటే తక్కువగా ఒకటి రెండు వారాలు దాటి కొనసాగితే గొట్టం ద్వారా పోషణ గురించి వైద్యులు మాట్లాడవచ్చు. ఆ మాట వినగానే అంతా అయిపోయిందని భయపడకండి, చాలామందికి అది తాత్కాలికమే.

ఆరో జవాబు (ప్రశ్న అడిగినవారు, పదమూడు రోజుల తర్వాత)

అందరికీ కృతజ్ఞతలు. నర్సు గారి జవాబు చదివిన వెంటనే సీసా తిప్పి చూశాను. ఒక్కో గుళికలో ఫోలిక్ యాసిడ్ 400 మైక్రోగ్రాములు, రోజుకు రెండు ఇస్తున్నాం. మర్నాడే ఆసుపత్రికి తీసుకెళ్లి సీసాను డాక్టరు బల్ల మీద పెట్టాను. ఆమె దాన్ని చూసి, ఇది ఎప్పటి నుంచి వాడుతున్నారని రెండుసార్లు అడిగారు. ఏ మందులు వాడుతున్నారని ప్రతిసారీ అడిగేవారు, విటమిన్లు మందుల లెక్కలోకి వస్తాయని మాకు తోచలేదు. పొటాషియం, ఫాస్ఫేటు రెండూ తక్కువగా ఉన్నాయని రెండు రోజులు ఆసుపత్రిలోనే ఉంచి సరిచేశారు. రాత్రిపూట ఒలాంజపిన్ 2.5 రాశారు. మొదటి నాలుగు రోజులు బాగా మత్తుగా పడుకుంది, ఇప్పుడు నయం. నాలుగో విడతను మోతాదు కాస్త తగ్గించి ఇచ్చారు.

ఇంట్లో చెక్క చెంచా వచ్చింది. పాలపొడి కలిపిన పాలు అరగ్లాసు చొప్పున నాలుగుసార్లు పోతున్నాయి, గుడ్డు రోజుకొకటి. గిన్నె పెట్టి వెళ్లిపోవడం నాకు చాలా కష్టంగా ఉంది, తలుపు దగ్గర ఆగిపోతున్నాను. కానీ మొన్న గిన్నె ఖాళీగా ఉంది. మామయ్యతో నేను వాదించలేదు, డాక్టరుతోనే మాట్లాడించాను. నాతో ఇంకా ముభావంగానే ఉన్నారు. రసం మాత్రం ఆపారు, కుర్చీలోంచి లేపించే పని తానే చేస్తున్నారు, ఎన్నిసార్లు లేచిందో గట్టిగా లెక్కపెడతారు.

ఒక సందేహం. ఈ రోజు తూచితే 55.8 వచ్చింది. రెండు వారాలు కూడా కాకముందే దాదాపు రెండు కిలోలు పెరగడం మంచి సూచనే కదా?

ఏడో జవాబు (డైటీషియన్)

ఫోలిక్ యాసిడ్ సంగతి బయటపడినందుకు ఊపిరి పీల్చుకున్నాను. బరువు విషయంలో మాత్రం సంతోషపడే ముందు ఒక పని చేయండి. అమ్మగారి మోకాలి కింద, ఎముక ముందు భాగంలో బొటనవేలితో పది సెకన్లు నొక్కి వదలండి. గుంట పడి కాసేపు అలాగే ఉంటే అది నీరు, కండ కాదు. చాలాకాలం తక్కువ తిన్నవారికి తిండి మొదలైన తొలి వారాల్లో ఒంట్లో నీరు చేరడం తరచుగా జరుగుతుంది. గుంట పడితే, లేదా కాళ్ల చెప్పులు బిగుతైతే, ఆయాసం అనిపిస్తే, వచ్చే అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా డాక్టరుకు చెప్పండి. పడకపోతే, వారానికి ఒకసారి, ఒకే తూకం మీద, పొద్దున మూత్రవిసర్జన అయ్యాక, ఏమీ తినకముందు తూచి రాసుకోండి. దానితో పాటు మీ మామయ్యగారు లెక్కపెడుతున్న ఆ అంకెను కూడా పక్కనే రాయండి. కండ తిరిగి వస్తోందా లేదా అన్నది తూకం కంటే ముందు అక్కడే తెలుస్తుంది.